కానుకల సొమ్ము – కరెంటు బిల్లు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరుకు పోయే దారిలో, నగరపు పొలిమేరలు దాటిన తరువాత వచ్చే పెద్ద ఊరు ఇబ్రహీంపట్నం. రంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణానికి గోలకొండను పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు నిలిచింది. ఊరిని ఆనుకొని కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు ఉన్నది. వానకాలంలో ఊరకే పారిపోయే నీటికి అడ్డుకట్ట వేసి, ఆ తరువాతి నెలలలో పైరుకు, పశువుకు, మనిషికి పంచి ఇచ్చిన ఏర్పాటు అది. ఆ ఊరిలోను, చుట్టుపట్ల గ్రామాలలోను గుడులు, మసీదులు, చర్చిలు ఉన్నాయి. గడచిన కొన్ని దశాబ్దాలలో కళాశాలలు, వసతిగృహాలు కూడా వరుసగా వెలిశాయి. తెలంగాణ నేల మీద ఏడాదిలో సుమారు 300 రోజులు మంచి ఎండ కాస్తుంది. సౌరఫలకం లేని ప్రతి కప్పు మీద ఆ ఎండ, కట్ట లేని వాగులోని వాన నీటివలె, ఎవరికీ అందకుండా పోతున్నది.

ఇంటి కరెంటు బిల్లు ఇంటి యజమాని తన సంపాదనలో నుండి చెల్లిస్తాడు. కర్మాగారం బిల్లు సరకు ధరలో కలిసిపోతుంది. గుడి బిల్లు, మసీదు బిల్లు, చర్చి బిల్లు, అనాథ బాలల ఆశ్రమం బిల్లు మాత్రం వేరు. వాటిని చెల్లించే సొమ్ము ఇతరులు ఇచ్చినది. ఒక కూలి తల్లి హుండీలో వేసిన పది రూపాయలు, శుక్రవారం నాడు ఒక చిరువ్యాపారి చందాపెట్టెలో వేసిన నోటు, ఆదివారం కానుకల సంచిలో పడిన నాణెం, ఎవరి పుట్టినరోజుకో ఆశ్రమానికి అందిన అన్నదానపు సొమ్ము – ఇవన్నీ ఒక ఉద్దేశంతో ఇచ్చినవి. అందులో ఎంత భాగం దీపాలకు, పంకాలకు, నీటి మోటారుకు పోతున్నదో ఇచ్చినవారికి తెలియదు. చాలాచోట్ల కమిటీవారికి కూడా తెలియదు. బిల్లు వచ్చినప్పుడు కట్టడమే గాని, పన్నెండు నెలల బిల్లులను పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మన ధర్మసంస్థలలో అరుదు. సౌరవిద్యుత్తును గూర్చిన ఆలోచన ఆ పన్నెండు కాగితాల దగ్గర మొదలు కావాలి.

గండి పడిన చెరువులోకి ఎంత నీరు వచ్చినా నిలువదు. మొదట గండి పూడ్చాలి. ఆ తరువాతనే కాలువ తవ్వాలి. విద్యుత్తు విషయంలోను ఇదే వరుస. ఒక వసతిగృహాన్ని ఊహించుకొని లెక్క వేయవచ్చు. అందులో 20 ఫ్యాన్లు, 40 ట్యూబులైట్లు ఉన్నాయనుకుందాం. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే 20 ఫ్యాన్లకు 18 యూనిట్లు ఖర్చవుతాయి. బి.ఎల్.డి.సి. మోటారుతో నడిచే నేటి ఫ్యానుకు 30 వాట్లు చాలు. అప్పుడు ఖర్చు 7 యూనిట్లకు కొంచెం ఎక్కువ. పాత ట్యూబులైటు తన చోకుతో కలిపి సుమారు 50 వాట్లు తీసుకుంటే, ఎల్.ఇ.డి. ట్యూబుకు 20 వాట్లు సరిపోతాయి. రోజుకు ఆరు గంటలు వెలిగే 40 దీపాల మీద మరో 7 యూనిట్లు మిగులుతాయి. రెండూ కలిపితే రోజుకు 18 యూనిట్ల ఆదా. ఈ 18 యూనిట్లను సూర్యుని నుండి రాబట్టాలంటే, ఒక కిలోవాటు ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి కనుక, నాలుగున్నర కిలోవాట్ల ఫలకాలు కావాలి. వాటికి 450 చదరపు అడుగుల కప్పు కావాలి. రెండున్నర లక్షల రూపాయలకు అటూ ఇటూగా సొమ్ము కావాలి. ఫ్యాన్లు, దీపాలు మార్చడానికి అందులో మూడవ వంతు కూడా కాదు. ఐనా సౌరఫలకాలను గూర్చి మాట్లాడినంత ఉత్సాహంగా ఫ్యాన్లను గూర్చి ఎవరూ మాట్లాడరు. ఫలకం కొత్తది, ఫ్యాను పాతది. మనిషి మనసు కొత్తదానివైపే పరుగెత్తుతుంది.

ఇక్కడ మన సమాజపు ఒక ముచ్చటను చెప్పక తప్పదు. గుడిలో ట్యూబులైటు దానం చేసినవారు దాని మీద తమ పేరు రాయిస్తారు. తాతగారి పేరు, గోత్రం, ఊరు, అన్నీ రాసేసరికి వెలుతురు రావలసిన చోట సగం రంగే ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద రాసిన పేరు, ఫ్యాను తిరిగేటప్పుడు ఎవరికీ కనబడదు. కనబడాలంటే ఫ్యాను ఆగాలి. నవ్వుకోవలసిన విషయమే ఐనా దీని వెనుక ఒక నిజం ఉన్నది. కంటికి కనిపించే దానికే దానం వస్తుంది. ముఖద్వారానికి, పాలరాతి నేలకు, గోడ గడియారానికి దాతలు దొరుకుతారు. మేడ మీద ఎవరికీ కనబడకుండా ఉండే ఫలకానికి దాత దొరకడం కష్టం. నిజానికి ముఖద్వారం కట్టించిన దాత ఒకసారి ఇస్తాడు. ఫలకం పెట్టించిన దాత 25 సంవత్సరాల పాటు ప్రతి పగలూ ఇస్తూనే ఉంటాడు. అతని పేరును గుమ్మం దగ్గర, అందరికీ కనిపించే చోట చెక్కించడానికి కమిటీలు వెనుకాడనవసరం లేదు. దాని పక్కనే ఆ నెలలో ఎన్ని యూనిట్లు పుట్టినవో సుద్దముక్కతో రాసిపెడితే మరీ మంచిది.

ఐతే కప్పు ఉన్నంత మాత్రాన ఫలకం పెట్టవచ్చునని కాదు. ఆలయ విమానం మీద, గోపురం మీద మరొక వస్తువును నిలపడానికి సంప్రదాయం ఒప్పదు. ఒప్పించవలసిన పనీ లేదు. ఆలయానికి చేరిన కల్యాణమండపం, అన్నదానశాల, సత్రం, కార్యాలయం – వీటి డాబాలు చాలు. మసీదు గుమ్మటాన్ని వదలి చదునైన కప్పును ఎంచుకోవాలి. మినారు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో ముందే చూసుకోవాలి. ఒక ఫలకం మీద పడిన నీడ ఆ ఒక్క ఫలకంతో పోదు. వరుసగా కలిపిన ఫలకాలలో ఒకటి మందగిస్తే వరుస మొత్తం మందగించే అవకాశం ఉన్నది. ఏటవాలు కప్పు గల చర్చిలో దక్షిణపు వాలు ఉత్తరపు వాలు కంటె మేలు. రోడ్డు దుమ్ము పేరుకొన్న ఫలకం చూపు మందగించిన కన్ను వంటిది. తరచుగా నీళ్లతో కడగాలి. ఇక కోతుల సంగతి తెలంగాణ పల్లెల వారికి వేరే చెప్పనవసరం లేదు. తీగలను గొట్టాలలో నుండి తీయకపోతే మొదటి నెలలోనే వాటి ప్రతాపం తెలుస్తుంది.

ప్రార్థనాస్థలాలకు మరొక చిక్కు ఉన్నది. ఫలకాలు ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు వరకు బాగా పని చేస్తాయి. గుడిలో సందడి తెల్లవారుజామున సుప్రభాతానికి, మళ్లీ సాయంత్రం హారతి వేళకు ఉంటుంది. మధ్యాహ్నం తలుపులు మూసే ఆలయాలే ఎక్కువ. మసీదులో దీపాలు ఎక్కువగా వెలిగేది సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత. రంజాను రాత్రుల ఖర్చు మరీ ఎక్కువ. చర్చి వాడకం అంతా ఆదివారం మీదనే ఉంటుంది. అనగా ఎండ ఉన్నప్పుడు అవసరం లేదు, అవసరం ఉన్నప్పుడు ఎండ లేదు. ఈ ఎడబాటును తీర్చేది నెట్ మీటరు. పగలు మిగిలిన విద్యుత్తు పంపిణీ సంస్థ తీగలలోకి పోతుంది. రాత్రి కావలసినది అదే తీగల నుండి వస్తుంది. పోయినదానిని వచ్చినదానిలో నుండి తీసివేసి, మిగిలినదానికే బిల్లు వేస్తారు. చెరువులో నీరు నిలువ చేసి కావలసినప్పుడు తూము ఎత్తినట్లు, ఆరు పగళ్ల ఎండను దాచి ఆదివారం నాడు వాడుకోవడం చర్చికి సాధ్యపడుతుంది. వసతిగృహాలకు వేసవి సెలవులు ఉంటాయి. ఏప్రిల్, మే నెలలలో గదులు ఖాళీగా ఉన్నప్పుడు మేడ మాత్రం నిండుగా పని చేస్తుంది. ఐతే పంపిణీ సంస్థ ఈ పద్దును ఎప్పటికీ మోయదు. నిర్ణీత గడువుకు లెక్క తేల్చి, మిగులు యూనిట్లకు తాను కట్టిన ధర చెల్లిస్తుంది. ఆ ధర మనం కొనే ధరకు సమానం కాకపోవచ్చు. కాబట్టి ఏడాది అవసరాన్ని మించి ఫలకాలు పెట్టడం తెలివైన పని కాదు.

బ్యాటరీ లేకుండా తీగలకు కలిపిన ఏర్పాటు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుందని చాలామందికి తెలియదు. ఇది లోపం కాదు. కరెంటు ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మేడ మీది విద్యుత్తు తగలకుండా చేసిన రక్షణ. ఈ సంగతిని ముందే చెప్పకుండా అమ్మినవారి వలన, మొదటి కరెంటు కోతనాడే సౌరశక్తి మీద నమ్మకం పోగొట్టుకునేవారు ఉంటారు.

విద్యుత్తు మాట అటుంచి, ఎండ వేడిమినే నేరుగా వాడుకొన్న గొప్ప ఉదాహరణ తెలుగునేల మీదనే ఉన్నది. 2002లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు కొండ మీద అన్నప్రసాదం వండడానికి సౌర ఆవిరి వ్యవస్థను ఏర్పాటు చేశారు. పళ్లెము ఆకారం గల 106 దర్పణాలు సూర్యుని వెంట తిరుగుతూ ఎండను ఒకచోట గుచ్చుతాయి. అక్కడి నీరు సుమారు 180 డిగ్రీల వేడి గల ఆవిరిగా మారి వంటశాలకు చేరుతుంది. రోజుకు 4,000 కిలోలకు మించిన ఆవిరితో సుమారు 15,000 మందికి వండగలిగేటట్లు, ఏడాదికి 1,18,000 లీటర్ల డీజిలు మిగిలేటట్లు దీనిని రూపొందించారు. ఇందులో మెచ్చుకోవలసినది దర్పణాల సంఖ్య కాదు. అంతకు ముందున్న డీజిలు బాయిలరును తీసివేయకుండా దానికే సౌర ఆవిరిని జోడించారు. కొండ మీద మబ్బు పట్టిన రోజున భక్తుల విస్తరి ఖాళీగా ఉండదు. పాతదానిని ఊడబెరికి కొత్తదానిని నమ్ముకోవడం కంటె, పాతదాని భారాన్ని కొత్తదానితో తగ్గించడం మేలని ఈ ఏర్పాటు చూపింది. 2009లో షిరిడీ సాయిబాబా సంస్థానం 73 దర్పణాలతో ఇదే మార్గంలో నడిచింది.

తిరుమల ఉదాహరణలో తరచుగా మరచిపోయే మాట ఒకటి ఉన్నది. ఆ వ్యవస్థకు ఐన ఖర్చు సుమారు 110 లక్షల రూపాయలు. అందులో సగాన్ని నాటి కేంద్ర సంప్రదాయేతర ఇంధన వనరుల మంత్రిత్వ శాఖ రాయితీగా ఇచ్చింది. దేశంలోకెల్ల సంపన్నమైన దేవస్థానాలలో ఒకదానికి కూడా మొదటి అడుగుకు ప్రభుత్వపు చేయూత అందిందన్నమాట. తరువాత 2015 చివరిలో కేంద్రం విస్తరించిన పైకప్పు సౌరవిద్యుత్ పథకంలో ఇళ్లతో పాటు విద్యాలయాలు, వైద్యశాలలు, సేవాసంస్థలు కూడా సాధారణ రాష్ట్రాలలో 30 శాతం రాయితీకి అర్హమైనవి. 2019లో వచ్చిన రెండవ దశ ఆ తలుపును మూసివేసింది. రాయితీ ఇళ్లకే పరిమితమైంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఫలకాలు పెట్టుకొన్న ఇంటికి 78,000 రూపాయలు అందుతాయి. ఆ ఇంటి గోడకు ఆనుకొని ఉన్న అనాథ బాలికల వసతిగృహం అవే ఫలకాలు పెట్టుకొంటే ఒక్క రూపాయి కూడా రాదు.

వ్యాపార సంస్థలకు వేరొక దారి ఉన్నది. సౌరయంత్రాల విలువలో ఏడాదికి 40 శాతం వరకు తరుగుదలగా చూపి, ఆ మేరకు ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చు. ధర్మసంస్థకు పన్నే లేదు కనుక తగ్గేదీ లేదు. ఇల్లు కాదు కాబట్టి రాయితీ రాదు; వ్యాపారం కాదు కాబట్టి పన్ను మినహాయింపు పనికిరాదు. లాభం చూసుకోకుండా పదిమందికి పెట్టే సంస్థ ఇద్దరికీ చెందకుండా నడుమ నిలిచిపోయింది. ఇది ఎవరో పట్టుబట్టి చేసిన అన్యాయం కాకపోవచ్చు. పథకాలు రాసేటప్పుడు ఈ మూడవవాడు గుర్తుకు రాలేదు, అంతే. ఐనా ఫలితం అన్యాయమే. 2025 సెప్టెంబరులో సౌరపరికరాల మీది వస్తుసేవల పన్ను 12 నుండి 5 శాతానికి తగ్గింది. ఆ మేలు మాత్రం అందరితో పాటు వీరికీ అందింది.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో చాలాకాలం సౌరశక్తికి ప్రోత్సాహం పన్ను తగ్గింపు రూపంలోనే ఉండేది. పన్ను కట్టని చర్చిలు, సేవాసంస్థలు, అక్కడి తెలుగువారు 1970ల నుండి కట్టుకొన్న ఆలయాలు దానిని నేరుగా అందుకోలేకపోయేవి. 2022 నాటి చట్టం, పన్ను కట్టని సంస్థకు ఆ మొత్తాన్ని రొక్కంగా ఇచ్చే వీలు కల్పించింది. 2025లో వచ్చిన మరొక చట్టం సౌరప్రాజెక్టులకు ఆ గడువును బాగా కుదించింది. మనసుంటే మార్గం రాయవచ్చుననడానికి మొదటిది, రాసిన మార్గం చెరిగిపోవచ్చుననడానికి రెండవది సాక్ష్యాలు. మొరాకో ప్రభుత్వం 600 మసీదులను లక్ష్యంగా పెట్టుకొని దీపాల మార్పిడిని, నీటిని కాచే సౌరయంత్రాలను, ఫలకాలను కలిపి ఒకే కార్యక్రమంగా చేపట్టింది. వాటికన్‌లో 2008లోనే పోపు సభామందిరం కప్పు మీద సుమారు 2,400 ఫలకాలు అమర్చారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం సహజం. ప్రజల పన్నుల సొమ్మును ప్రార్థనాస్థలాలకు ఇవ్వవచ్చునా? ఏదైనా ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకించిన పన్నును చెల్లించవలసిందిగా ఎవరినీ నిర్బంధించరాదని భారత రాజ్యాంగం 27వ అధికరణం చెబుతున్నది. ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. ఐతే సూర్యఘర్ రాయితీ ఇంటి యజమాని మతాన్ని అడుగదు. అదే విధంగా నమోదైన ప్రతి లాభాపేక్ష లేని సంస్థకు, అది బడియైనా, వృద్ధాశ్రమమైనా, గుడియైనా, మసీదైనా, చర్చియైనా, ఒకే కొలతతో ఇస్తే అది ఏ ఒక్క మతానికి చేసిన పోషణ కాదు. తెలంగాణ విద్యుత్ ధరల పట్టికలో పూర్తిగా మతపరమైన ప్రదేశాలకు ఇప్పటికే ఒక ప్రత్యేక వర్గం ఉన్నది. ప్రభుత్వం వారిని బిల్లు వేసేటప్పుడు గుర్తిస్తున్నది. రాయితీ వేళకే మరచిపోతున్నది. అంతకూ సందేహం తీరకపోతే పిల్లలు తిని పడుకొనే చోట్లకు, రోగులు చేరే చోట్లకు ముందుగా ఇచ్చి, తక్కినవారి సంగతి తరువాత చూడవచ్చు. సంపన్న దేవస్థానాలు వరుసలో చివర నిలిచినా నష్టపోయేది లేదు.

ప్రభుత్వం కదిలేవరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. ఫలకాలు తానే పెట్టి, పుట్టిన విద్యుత్తును తక్కువ ధరకు సంస్థకు అమ్మే కంపెనీలు ఉన్నాయి. మొదటి పెట్టుబడి కంపెనీది. తరుగుదల లాభం కూడా దానికే దక్కుతుంది కనుక ఆ మేరకు ధర తగ్గించగలదు. పన్ను కట్టని సంస్థకు పన్ను లాభం అందే దొడ్డిదారి ఇదొక్కటే. కాని ఒప్పందం 15 నుండి 25 సంవత్సరాలకు ఉంటుంది. ఆలయ కమిటీ, మసీదు కమిటీ ఆ లోపల ఎన్నిసార్లు మారుతాయో చెప్పలేము. సంతకం చేసినవారొకరు, కట్టేవారు వేరొకరు. కప్పు మరమ్మతు వస్తే ఫలకాలు ఎవరు దించాలి, కంపెనీ మూతపడితే అవి ఎవరివి, ఏటేటా ధర ఎంత పెరుగుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద లేకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టడమే మంచిది. దేవాదాయ శాఖ కిందనున్న ఆలయాలు, వక్ఫు ఆస్తులైన మసీదులు పైవారి అనుమతి తీసుకోవలసి ఉంటుంది. ఆ దరఖాస్తు ఒక బల్ల నుండి మరొక బల్లకు నడిచే కాలంలో ఎన్ని యూనిట్ల ఎండ పోతుందో లెక్క వేసినవారు లేరు. చిన్న ఏర్పాట్లకు, అనగా 10 కిలోవాట్ల లోపు వాటికి, ఒకే నమూనా ఒప్పందాన్ని, ఒకే నమూనా అనుమతిని ఆ శాఖలే తయారు చేసి ఉంచవచ్చు. దానికి బడ్జెటు అక్కరలేదు. రెండు పుటల ఉత్తర్వు చాలు.

ఇబ్రహీంపట్నం వంటి ఊరిలో మరొక అనుకూలత కూడా ఉన్నది. ఆ చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు అనేకం ఉన్నాయి. చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు పేరిట ఎక్కడెక్కడి నమూనాలనో కొని తెచ్చి చూపే బదులు, ఒక గుడి, ఒక మసీదు, ఒక చర్చి, ఒక వసతిగృహం ఎంచుకొని పన్నెండు నెలల బిల్లులు చదవవచ్చు. ఏ ఫ్యాను ఎంత తింటున్నదో మీటరు పెట్టి కొలవవచ్చు. మేడ మీద ఉదయం నుండి సాయంత్రం వరకు నీడ కదలికను గీసి చూపవచ్చు. బయటి నిపుణుడు వచ్చి రుసుము తీసుకొని చేసే పని ఇంతే. నేడు ఇంటర్మీడియట్ చదువుతున్నవారికి కూడా ఇందులో అందని విద్య ఏదీ లేదు. వాట్లను గంటలతో హెచ్చించి వెయ్యితో భాగించడం వస్తే, కమిటీవారి ముందు పెట్టవలసిన మొదటి కాగితం ఒక సాయంత్రంలో తయారవుతుంది.